గోనె సంచి మీద గొడుగు

మా ఊళ్లో మొదటి డిజైనర్ ఎవరని అడిగితే రెండేళ్ల కిందటి దాకా నేను తడుముకోకుండా నా పేరే చెప్పేదాన్ని. హైదరాబాదులో నాలుగేళ్లు డిజైన్ చదివి ఖమ్మం తిరిగొచ్చిన సాయిప్రియను నేనే మరి. ఊరికి డిజైనంటే ఏమిటో నేర్పాలని నా ఉబలాటం. ఊరేమీ నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. అయినా వచ్చాను.

నాలాంటి వాళ్లం అయిదుగురం కలిసి 'ఆదివారం గీతలు' అని ఒక బృందం పెట్టుకున్నాం. బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం పైగదిలో వారం వారం కూర్చునేవాళ్లం. ఆ వారం ఎవరికి ఎక్కడ స్ఫూర్తి దొరికిందో ఫోన్లో చూపించుకోవాలి. ఒకరు జపాన్ రైల్వే స్టేషన్ బోర్డులు చూపేవారు, ఇంకొకరు డెన్మార్క్ కుర్చీలు. కింద మార్కెట్ యార్డుకు పోయే మిరప లారీ వెళ్లిందంటే ఘాటుకు అందరం తుమ్మేవాళ్లం. లేచి కిటికీ వేసి మళ్లీ డెన్మార్క్ వెళ్లిపోయేవాళ్లం.

ఆ లారీలు పోయే యార్డు గేటు పక్కన, ఒక పాత మేడ మెట్ల కింద, మహబూబ్ అలీ అనే ఆయన నూనె డబ్బాలు చీల్చి రేకులు చదును చేస్తూ కూర్చుంటాడు. అరవై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులు, చక్కెర జబ్బు, జిలేబీ మీద చావని ప్రేమ. రైతులు తెచ్చే బస్తాల మీద ఎవరి సరుకు ఎవరిదో తెలియడానికి ముద్రలు వేస్తారు. ఆ ముద్రల రేకులు కోసేది ఆయనే. రేకులో బొమ్మ ఆకారానికి కంత కోసి, బస్తా మీద పెట్టి, రంగులో ముంచిన గుడ్డతో అద్దితే బొమ్మ పడుతుంది. గంట, దువ్వెన, జంట చేపలు, కల్లు ముంత, తాళంచెవి. ఇలాంటివి ఏడెనిమిది వందలు కోసి ఉంటాడు. అక్షరాలు ఎందుకు వేయరని ఒకసారి అడిగాను. బస్తా వీపు మీద ఉన్న హమాలీకి చదివే తీరిక ఉంటుందా అని ఎదురు ప్రశ్న వేశాడు.

నేను ఆయన ముందు నుంచి రోజూ స్కూటీ మీద పోయేదాన్ని. రేకు చప్పుడుకు విసుక్కునేదాన్ని కూడా. ఆయన్ని తెలుసుకోవాలంటే ముందు నా చేతకానితనం బయటపడాల్సి వచ్చింది. ఆ భాగ్యం ద్వాలక్క వల్ల కలిగింది.

ద్వాలిది ఏన్కూరు అవతల, అడవి అంచున ఉన్న తండా. నలభై అయిదేళ్లుంటాయి. చీర మీద మొగుడి పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని తిరుగుతుంది. మొగుడు హాతీరాం నోట్లో నాలుక లేని మనిషి. బావ రూప్లాకు మాత్రం రెండు నాలుకలున్నాయి. ఇరవై ఏళ్లుగా ద్వాలి పండించిన మిరప కూడా రూప్లా సరుకులో కలిసి, రూప్లా ముద్రతోనే యార్డుకు వచ్చేది. కాయ ఏరడంలో ద్వాలికి సాటి లేదు. రంగు పోయిన తాలు కాయ ఒక్కటి కూడా బస్తాలోకి పోనివ్వదు. మెచ్చుకోలు మాత్రం రూప్లాకు దక్కేది. ఆమె పేరు యార్డులో ఎవరికీ తెలియదు. 'రూప్లా మరదలు', అంతే.

ఆ ఏడు ఆమె అడ్డం తిరిగింది. నా బస్తాలు నా ముద్రతో పోవాలంది. తండాలో పెద్ద పంచాయితీ అయింది. చివరికి రూప్లా ఒక షరతు పెట్టాడు. ఈ సీజను పోను, వచ్చే సీజను మొదటి కోత సరుకు అమ్ముడుపోయేలోపు యార్డులో ఎవరైనా ఆమె పేరు పెట్టి ఆమె సరుకు అడగాలి. అడిగితే ఆమె వేరు. అడగకపోతే మళ్లీ అన్నీ రూప్లా ముద్రే, ఇక నోరెత్తకూడదు. ద్వాలి సరేనంది.

మా బృందంలో అద్నాన్ అని ఉన్నాడు. వాళ్లకు యార్డు దగ్గర గోనె సంచుల దుకాణం. ద్వాలి సంచులు కొనడానికి వచ్చి ముద్ర ఎక్కడ చేయించాలని అడిగింది. అద్నాన్ వాళ్ల నాన్న "గేటు కాడ మహబూబ్ భాయ్ ఉన్నడు గదా" అన్నాడు. అద్నాన్ ఆ మాట పూర్తి కానివ్వకుండా ఆమెను తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు.

నేను చెలరేగిపోయాను. పదిహేను రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక మిరపకాయ గీశాను. ఆ కాయలో ఒక స్త్రీ ముఖం. ముఖంలో శ్రమ, ఆత్మగౌరవం, అడవి. ముఖం పట్టాలి కాబట్టి మిరపకాయను కొంచెం లావు చేశాను. ఆదివారం అందరూ చప్పట్లు కొట్టారు. నేమ్‌ప్లేట్లు చేసే దుకాణంలో మిషను మీద రేకు కోయించి, అద్నాన్ చేత తండాకు పంపించాను. రేకు ఎలా వచ్చిందో నేను కనీసం విప్పి చూడలేదు.

రేకులో కోసిన బొమ్మకు ఒక గుణం ఉంది. చుట్టూ కంత పడితే మధ్యలో ముక్కను పట్టుకునేది ఏమీ ఉండదు, రాలిపోతుంది. నా స్త్రీమూర్తి ముఖం, శ్రమ, ఆత్మగౌరవం అన్నీ మిషను కింద రాలిపడ్డాయి. దుకాణం వాళ్లు ఊడ్చి పారేశారు. మిగిలింది తొడిమతో ఉన్న ఒక లావుపాటి కాయ. మిరపకాయ కానే కాదు, నవనవలాడే సొరకాయ. ద్వాలి దాన్ని చూసి కూడా ఏమనుకోలేదట. "మిరపకాయ అన్నరు. చదువుకున్నోళ్లు చేస్తే గట్లనే ఉంటదేమో అనుకున్న" అని తర్వాత చెప్పింది.

అసలు కొంప మునిగిందెక్కడంటే, రూప్లా ముద్ర కూడా సొరకాయే.

ఫిబ్రవరిలో మొదటి కోత వచ్చింది. హమాలీలు సొరకాయ బస్తాలన్నీ సొరకాయ బస్తాలతో పేర్చేశారు. అంటే ద్వాలి పన్నెండు బస్తాలు కూడా పోయి రూప్లా వరుసలో చేరాయి. మా యార్డులో పొద్దున్నే జెండా పాట ఉంటుంది. ఆ రోజు వచ్చిన వాటిలో మేలైన సరుకు దగ్గర జెండా పాతి మొదటి వేలం పాడతారు. అది ఎవరి సరుకైతే వాళ్లకు ఆ రోజు పెళ్లికొడుకు మర్యాద. ఆ పొద్దున జెండా రూప్లా వరుసలో, సరిగ్గా ద్వాలి ఏరిన బస్తా ముందు పాతారు. రూప్లా మీసం తిప్పి ఫొటో దిగాడు. ద్వాలి పక్కనే నిలబడి చూసింది.

సాయంత్రం ఆమె మా పైగదికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. రేకు నా బల్ల మీద పెట్టి, "నీ తాన ఉంచుకో చెల్లె. సొరకాయ మా ఇంట్ల ఒకటున్నది, చాలు" అని మెట్లు దిగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ల తర్వాత నోరు విప్పిన మనిషిని మళ్లీ ఆ బావ వెనక్కే నెట్టాను.

మర్నాడు ఆ రేకు పట్టుకుని మహబూబ్ అలీ ముందు నిలబడ్డాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది బేటీ, రూప్లా ముద్ర నీకెందుకు?"

జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు, అందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కొంచెం పక్కకు జరిగి డబ్బా మీద కూర్చోమన్నాడు.

"రూప్లాకు సొరకాయ నేనే కోసిన. ఎందుకో ఎరికేనా?"

"వాళ్లింటి మీద సొరపాదు ఉందేమో చాచా."

"ఆయన గూడ గదే అనుకుంటడు" అన్నాడు చాచా. "రూప్లా నోరు తెరిస్తే సొరకాయ కోతలే. పులిని చూసిన, పులే నన్ను జూసి ఉరికింది అంటడు. హమాలీలు ఆయన లేనప్పుడు సొరకాయ అనే పిలుస్తరు. పిలిచేదే కోసిన."

చాచా పద్ధతి అది. ముద్ర కావాలని ఎవరైనా వస్తే వాళ్లను ఏమీ అడగడు. వాళ్లు చెప్పింది అసలు వినడు. మనిషి తన గురించి తాను చెప్పుకునేదంతా సొంత డబ్బాయేనని ఆయన అభిప్రాయం. మూడు రోజులాగి రమ్మని పంపేసి, వాళ్ల చాటున హమాలీలు వాళ్లను ఏమని పిలుస్తారో కనుక్కుంటాడు. తల్లాడ నుంచి వచ్చే ఒక పెద్దరైతు నిమిషానికోసారి టైమెంత అని అడుగుతాడట. ఆయన బస్తాల మీద గడియారం ఉంటుంది. తనకు సమయపాలన ఉందని ఊరంతా గుర్తించినందుకు ఆ పెద్దమనిషి చాచాకు దసరాకు పంచె పెట్టాడు.

"మరి రూప్లా మరదలిని ఏమంటారు?" అన్నాను.

చాచా గేటు వైపు చూసి చెయ్యెత్తాడు. ఉప్పలయ్య అనే హమాలీ భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఆ యార్డులోనే బస్తాలు మోస్తున్నాడు. చాచా అడిగితే చెప్పాడు.

"పేరైతే ఎరికలేదు భాయ్. మేమైతే గొడుగమ్మ అంటం. సరుకు పట్టుకొని వస్తదా, నల్ల గొడుగు ఒకటి తెస్తది. ఎండల ఆమె నిలవడ్తది, గొడుగేమో మూతి ఇప్పిన బస్తా మీద పట్టుకుంటది. రంగు మాడిపోతదంట. ఆమె మాడిపోతే పర్వలేదు."

నేను ద్వాలితో నాలుగుసార్లు కూర్చున్నాను. ఆమె కలలు అడిగాను, ఆశయాలు అడిగాను, ఇష్టమైన రంగు అడిగాను. ఈ గొడుగు సంగతి నాకు ఎక్కడా తగల్లేదు. తగలడానికి నేను ఒక్కసారైనా యార్డుకు పోయి ఉంటే గదా.

చాచా సుద్దముక్క తీసి బండ మీద గొడుగు గీశాడు. పైన అర్ధచంద్రం, ఊచలు, వంకీ తిరిగిన పిడి. పది గీతలకు మించి లేవు. ఉప్పలయ్యను ఇరవై అడుగులు వెనక్కి పోయి, కళ్లు సగం మూసి చూడమన్నాడు.

"ఏం కనవడ్తున్నది?"

"గొడుగమ్మ."

"గొడుగా, గొడుగమ్మనా?"

"గొడుగమ్మనే."

మా చదువులో దీని మీద ఏడాది పాటు పాఠాలు చెప్పారు. ఈయన సుద్దముక్కతో రెండు నిమిషాల్లో తేల్చేశాడు. అయినా బుద్ధి పోనిచ్చుకోలేక, గొడుగు కింద చిన్న మిరపకాయ కూడా పెడితే బాగుంటుంది కదా అన్నాను.

"ఎందుకు? గొడుగు కింద ఏమున్నదో బస్తా ఇప్పితే తెలుస్తది" అన్నాడు.

రేకు కోస్తున్నప్పుడు ఇంకొకటి గమనించాను. గొడుగు గుడ్డ ఆరు ముక్కలుగా కోసి, ఊచలున్న చోట రేకును కోయకుండా వదిలాడు. ఆ వదిలిన సన్నటి పట్టీలే బొమ్మ మొత్తాన్ని రాలిపోకుండా పట్టుకుంటాయి. వాటిని ఆయన 'కట్టు' అంటాడు. ఎవరైనా కట్టును దాచడానికి చూస్తారు. ఈయన కట్టునే ఊచలు చేశాడు. నేను నోట్‌బుక్ తీసి రాసుకోబోతే, ముందు టీ తెమ్మని పంపాడు. చక్కెర లేకుండా అని గట్టిగా చెప్పి, జిలేబీ ఒకటి అని మెల్లగా చెప్పాడు.

ఆ రేకు తీసుకుని నేనే తండాకు బస్సులో వెళ్లాను. ద్వాలి దాన్ని చేతిలో పట్టుకుని ఊచల మీద వేలు పెట్టి చూసింది. "నేను గొడుగు వట్టుకుంటనని గాళ్లు సూసిన్రా?" అంది. ఇరవై ఏళ్లు తనను ఎవరూ చూడలేదనే అనుకుంది పిచ్చిది.

మార్చిలో రెండో కోతకు గొడుగు బస్తాలు విడిగా, ఒక వరుసగా నిలబడ్డాయి. ఖరీదుదారు జయప్రకాశ్ అని యార్డులో పేరున్న మనిషి. ఎవరినీ నమ్మడు. పైన మంచి కాయ పరిచి కింద తాలు నింపే వాళ్లను చూసి చూసి, ప్రతి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి కాయ తీస్తాడు. ద్వాలి బస్తాలో అలా మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ అదే కాయ. "పైన ఎట్లున్నదో అడుగున గట్లనే ఉన్నదేంది?" అని తనే ఆశ్చర్యపోయి, నీ పేరేందమ్మా అన్నాడు. ద్వాలి ఎంత గట్టిగా చెప్పిందంటే పక్క షెడ్డులో వాళ్లు తిరిగి చూశారు.

ఆ తర్వాత సీజను ముగిసేదాకా గొడుగు లాటు వచ్చిందా అని నలుగురూ అడిగారు. మేం పండగ చేసుకున్నాం. రూప్లా ఒక్క మాటతో గాలి తీసేశాడు. "గొడుగును అడిగిన్రు. నిన్ను గాదు గదా." షరతు ప్రకారం అది నిజమే. పైగా ఆయన చాటుగా చాచా దగ్గరకు పోయి తనకూ గొడుగు కోయమని అడిగాడు.

"ఒక ముద్ర ఒక్కరికే రూప్లా. నువ్వు తాలు ఏరు, నీ సొరకాయను గూడ అడుగుతరు" అన్నాడట చాచా.

ఆ ఏడంతా మా ఆదివారాలు మారిపోయాయి. కిటికీ తెరిచే కూర్చున్నాం. తుమ్ముతూనే ఊరు తిరిగాం. లారీల వెనక తలుపుల మీది పూలు, గాజుల దుకాణంలో డబ్బాలు పేర్చే తీరు, తండా ఆడవాళ్లు చిరిగిన బొంతకు వేసే అతుకులు, అన్నీ చూశాం. జనవరిలో 'మన గీతలు' అని ప్రదర్శన పెట్టాం. చాచా ముద్రలే అందులో ముఖ్యం. రైతుల దగ్గర నలభై రేకులు అడిగి తెచ్చి, అద్దాల చట్రాల్లో బిగించి గోడకు పెట్టాం. ద్వాలి రేకు మధ్యలో. జనం బాగా వచ్చారు. చాచా ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చి, గోడంతా ఒకసారి చూసి, "గివన్ని ఇట్ల వేలాడుతుంటే ఊరివాళ్లందరు ఇంట్ల పని లేక కూసున్నట్టున్నది" అన్నాడు. ఆ మాటకు అందరం నవ్వుకున్నాం.

నవ్వడం వరకే. ప్రదర్శన అయ్యాక ముప్పై తొమ్మిది రేకులు వెనక్కి ఇచ్చాను. మధ్యలో రేకు మా గదిలో గోడకు భలే నప్పిందని, రెండు రోజులాగి ఇద్దామని ఉంచుకున్నాను. ఆ రెండు రోజులు ఫిబ్రవరి దాకా సాగాయి.

ఒక పొద్దున ఉప్పలయ్య ఫోన్ చేశాడు. "అమ్మా, గొడుగమ్మ సరుకు దిగింది. ముద్ర లేదు. బోసి బస్తాలు. రేకు నీ తాననే ఉన్నదంట గదా."

ఆ రోజే మొదటి కోత సరుకు వేలం. రూప్లా గడువు ఆ రోజుతో సరి. ద్వాలి పది రోజులుగా ఫోన్ చేస్తూనే ఉంది, నేను ఇదిగో అదిగో అంటూనే ఉన్నాను. ఒకే మనిషికి రెండుసార్లు ద్రోహం చేయడం ఎంత సులువో చూడండి. గోడ మీది చట్రం పీకి, స్కూటీ ముందు పెట్టుకుని, రంగు డబ్బా కాళ్ల మధ్య ఇరికించుకుని యార్డుకు ఉరికాను.

గేటు దగ్గర చాచా కనిపించాడు. "చాచా, అద్దం ఇప్పి ఇవ్వండి, జల్దీ" అన్నాను. ఆయన ఉలి తీసి చట్రం విప్పుతూ కూడా తొందరపడలేదు. "నువ్వు పో బేటీ, చూసి రా" అన్నాడు. రేకు చేతికిచ్చాడు.

లోపల జయప్రకాశ్ అప్పటికే వరుసలోకి వచ్చేశాడు. రూప్లా తన సొరకాయ బస్తాల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పక్కనే ఏ గుర్తూ లేని పద్నాలుగు బస్తాలు. వాటి వెనక ద్వాలి, పెదవి కొరుక్కుంటూ. నేను రంగు డబ్బా మూత తీసేసరికే జయప్రకాశ్ మొదటి బస్తాలోకి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి వెలుతురులో చూశాడు. రెండో బస్తా. మూడోది. బస్తా మీద ముద్ర కోసం వెతకనైనా లేదు.

"గిది ద్వాలి సరుకు గదా" అన్నాడు. తల ఎత్తి చుట్టూ చూశాడు. "ద్వాలి ఏది?"

హమాలీలే ద్వాలిని ముందుకు తోశారు. "నేనే" అంది. వినపడలేదేమోనని రెండోసారి కూడా అంది. రూప్లా మమ్మల్నందరినీ ఒకసారి చూసి, మీసం తిప్పి, "అవ్, మా ద్వాలే. నేనే నేర్పిన" అన్నాడు. షెడ్డు షెడ్డంతా గొల్లున నవ్వింది. ద్వాలి కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ. నేనైతే తుడుచుకోలేదు, ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు.

తర్వాత రేకు పట్టుకుని గేటు దగ్గరకు పరిగెత్తాను, చాచాకు నేనే ముందు చెప్పాలని. ఉప్పలయ్య నాకంటే ముందే చేరి చెప్పేశాడు. చాచా డబ్బా మీద కూర్చుని, కాగితంలో చుట్టిన జిలేబీ దాచకుండా అందరి ముందే తింటున్నాడు. ముద్ర వేయనేలేదు చాచా, ఉత్త బస్తాలే, అయినా పేరు పెట్టి పిలిచిండు అన్నాను ఆయాసపడుతూ.

"ఇన్న బేటీ" అన్నాడు. "ఇగ ఆమెకు నాతోటి పని లేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఉన్నంత సంతోషం నేను ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు.